పట్టికకు తలకట్టు

అక్షరాలు దిద్దుకున్న ప్రతివారికీ తలకట్టు అంటే ఏమిటో తెలుసు. 'క' నెత్తిన, 'ప' నెత్తిన, 'మ' నెత్తిన చిన్న గీతగా కూర్చుని ఉంటుంది. అది ఉన్నంతసేపే 'క'. దాన్ని తీసి గుడి పెడితే 'కి' అవుతుంది, పొల్లు పెడితే 'క్' అయి ఊరుకుంటుంది. చూడడానికి చీమకాలంత గీత, చేసే పని మాత్రం పెద్దది. 'జ', 'ట', 'బ', 'ల' వంటి కొన్ని అక్షరాలు తలకట్టు లేకుండానే సంసారం చేస్తున్నాయి గాని, తక్కినవాటికి అది లేకపోతే పేరు మారిపోతుంది.

ఈ వారం నేను చెప్పదలచుకున్నది అక్షరాల తలకట్టును గురించి కాదు, పట్టికల తలకట్టును గురించి. కంప్యూటరులో పట్టిక వేసినప్పుడు ప్రతి నిలువు వరుస నెత్తినా ఒక పేరు రాస్తాము: క్రమసంఖ్య, పేరు, ఊరు, మార్కులు, మొత్తం. ఇంగ్లీషువారు దాన్ని హెడర్ అంటారు. మనవాళ్లు శీర్షిక అంటున్నారు. శీర్షిక మంచి మాటే. కాని కథకూ శీర్షికే, వ్యాసానికీ శీర్షికే, పత్రికలో ఈ పేజీకీ శీర్షికే. పట్టిక నెత్తిన ఉండేదాన్ని తలకట్టు అంటే నాకు ఇంపుగా ఉంటుంది. అక్షరానికి అది చేసే పనినే పట్టికకు ఇదీ చేస్తుంది గనుక.

తెలుగు చెప్పుకునే మాస్టారికి కంప్యూటరు పట్టికలతో ఏమి పని అని మీరు అడగవచ్చు. ఈ రోజుల్లో కళాశాలలో తెలుగు మాస్టారు వివరించే పద్యాలకన్నా వేసే పట్టికలే ఎక్కువ. హాజరు పట్టిక, అంతర్గత పరీక్షల మార్కుల పట్టిక, పాఠ్యప్రణాళిక పట్టిక, ఏ పట్టికలు ఎప్పటిలోగా పంపాలో చెప్పే పట్టిక. కనుక అనుభవం లేక మాట్లాడుతున్నానని అనుకోకండి.

చాలామందికి పట్టిక తలకట్టు అంటే సింగారం. అంతా అయిపోయిన తరువాత, తీరిక ఉంటే, పై వరుసకు నీలం రంగు పూసి, అక్షరాలను లావు చేసి, చుట్టూ గీత గీసి, "బాగుందా, సార్?" అని అడుగుతారు. పెళ్లికొడుకుకు తలపాగా చుట్టినట్టు. నా మనవి ఏమంటే, అది సింగారం కాదు. ఉత్త కాగితం మీద 11 అని రాసి ఉన్నదనుకోండి. పదకొండు రూపాయలా, రోజులా, మార్కులా, బస్తాలా? అంకెకు తనంతట తానుగా నోరు లేదు. నెత్తినున్న మాటే దాని నోరు. ఆ మాట సగం కనబడి సగం కనబడకపోతే అంకె అబద్ధమాడుతుంది. అబద్ధమాడితే ఏమవుతుందో చెబుతాను.

2023లో మా కళాశాల నుంచి ఉపకారవేతనాల కోసం ఆరుగురు విద్యార్థుల జాబితా ఒకటి మరొక కార్యాలయానికి వెళ్లింది. జాబితా కొట్టిన గుమాస్తాగారు నెమ్మదస్తుడు, పనిమంతుడు. వరుసలు ఇవి: క్రమసంఖ్య, పేరు, తరగతి, పనిదినాలు, హాజరు కాని దినాలు, రిమార్కులు. అంతా ఒక్క కాగితంలో పట్టాలని ఆయన అంకెల వరుసలను సన్నం చేశాడు. రెండంకెలకు వెడల్పు ఎందుకు? అయితే 'హాజరు కాని దినాలు' అన్న పేరు ఆ సన్నని గడిలో పట్టలేదు. పక్కగడి ఖాళీగా ఉంటే మాట అందులోకి పొర్లి కనబడేది. పక్కగడిలో 'రిమార్కులు' అని ఉన్నది. అందుచేత 'హాజరు' అన్నంతమేరకే కాగితం మీదికి వచ్చి, 'కాని దినాలు' అన్నది గోడ అవతల ఉండిపోయింది.

ఆ కార్యాలయంలో దాన్ని చదివిన ఉద్యోగికి కనబడినది ఇది: పనిదినాలు 90, హాజరు 11. డెబ్భై అయిదు శాతం హాజరు ఉండాలన్నది నియమం. ఆరు దరఖాస్తులూ 'హాజరు చాలదు' అన్న ముద్రతో తిరిగి వచ్చాయి.

ఆ ఆరుగురిలో ఒక అమ్మాయి తండ్రి హమాలీ. పని మానుకుని కళాశాలకు వచ్చాడు. "అయ్యగారూ, మా పిల్ల రోజూ కాలేజీకని చెప్పి ఇంట్లోంచి బయలుదేరేదండీ. క్యారేజీ వాళ్లమ్మే కట్టి ఇచ్చేది. మూడు నెలల్లో పదకొండు రోజులే వచ్చిందంటే, తక్కిన రోజులు ఇది ఎక్కడికి పోయినట్టండీ?" అన్నాడు. అమ్మాయి ఆయన వెనక నిలబడి ఉన్నది. ఇంటి దగ్గర ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసి ఉంటాడో నేను అడగలేదు. ఆమె ముఖం చూస్తే అడగనక్కరలేకపోయింది. ఇంకో నాలుగు రోజులు గడిస్తే చదువు మాన్పించి ఉండేవాడని ఆయన మాటలనుబట్టే తెలుస్తున్నది. నిజానికి ఆ అమ్మాయి మానినవి పదకొండు రోజులు. ఆటలమ్మ పోసి ఇంట్లో పడుకున్న పదకొండు రోజులు.

గుమాస్తాగారు కంప్యూటరులో ఆ జాబితా తెరిచాడు. ఆ గడి మీద నొక్కితే పైనున్న పట్టీలో 'హాజరు కాని దినాలు' అని మాట మొత్తం కనబడింది. "చూడండి మాస్టారూ, నేను పూర్తిగానే కొట్టాను" అన్నాడు. కొట్టినమాట వాస్తవమే. యంత్రం కడుపులో నిజమే ఉన్నది. కాగితం మీదికి వచ్చేసరికి అది అబద్ధమయింది. వరుసను వెడల్పు చేసి, మళ్లీ అచ్చు తీసి, వివరణ ఉత్తరం జతచేసి పంపితే దరఖాస్తులు మంజూరయ్యాయి. ఆ కొత్త కాగితాన్ని తండ్రి చేతికిచ్చి, తలకట్టు మీద వేలు పెట్టి చదవమన్నాను. కూడబలుక్కుని చదివాడు. చదివి, కూతురు వైపు తిరిగి, ఏమీ అనలేక, ఆమె చేతిలో పుస్తకాల సంచి తాను తీసుకున్నాడు.

ఇందులో తప్పెవరిది? గుమాస్తాగారు సరిగానే కొట్టాడు. ఉద్యోగి తనకు కనబడినదే చదివాడు. నాకు తోచినంతవరకు తప్పు ఒక అలవాటుది. అలవాటు ఏమిటో చూడండి.

మీలో ఎక్సెల్ వాడేవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఒక గడిలో పెద్ద అంకె ఉండి, గడి చాలకపోతే, ఎక్సెల్ ఆ అంకెను కోసి చూపించదు. గడి నిండా ######## అని కంచె వేసి కూర్చుంటుంది. లిబ్రెఆఫీస్ కాల్క్ కూడా అంకెల విషయంలో ఇటువంటి కంచే వేస్తుంది. ఎందుకు? 45,000 ఉన్నచోట 45 అని కనబడితే కొంపలు మునుగుతాయని, అసలు చూపకపోవడమే మేలని ఆ సాఫ్ట్‌వేరు రాసినవారు తలచారు. ఎంత మంచి ఆలోచన! మరి మాట చాలకపోతే? ఎక్సెల్ చప్పుడు చేయకుండా కోసేస్తుంది. చుక్క కూడా పెట్టదు. కాల్క్ కొంత నయం. గడి అంచున చిన్న ఎర్ర త్రికోణం చూపి, ఇక్కడ ఇంకా ఉన్నది సుమా అని తెరమీద సైగ చేస్తుంది. అంకెను కోస్తే అపాయం, మాటను కోస్తే ఫరవాలేదు అన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న అభిప్రాయం.

ఇంగ్లీషు మాటల విషయంలో ఈ అభిప్రాయం కొంతవరకు చెల్లుతుంది. ఇంగ్లీషులో 'కాదు', 'లేదు' అని చెప్పే ముక్క సాధారణంగా ముందే వస్తుంది. నాట్ ప్రెజెంట్ అన్నదాన్ని కుడివైపు కోస్తే 'నాట్' మిగులుతుంది. అన్‌పెయిడ్ అన్నదాన్ని కోస్తే 'అన్' మిగులుతుంది. అర్థం పూర్తిగా తెలియకపోయినా, ఏదో కాదంటున్నారని తెలుస్తుంది.

మన భాష దారి వేరు. తెలుగుకు ప్రాణం తోకలో ఉంటుంది. వచ్చాడో రాలేదో, ఇచ్చాడో ఇవ్వలేదో చివరి దాకా వింటే గాని తెలియదు. 'చెల్లించని బాకీ' అన్నదానిలో చివర కోస్తే 'చెల్లించ' మిగులుతుంది. 'అర్హత లేనివారు' అన్నదానిలో 'అర్హత' మిగులుతుంది. 'పన్ను కట్టనివారు' అన్నదానిలో 'పన్ను కట్ట' మిగులుతుంది. 'హాజరు కాని దినాలు' ఏమయిందో చూశారు. కుడివైపు కోత ఇంగ్లీషుకు గోరు కత్తిరించినట్టయితే, తెలుగుకు తల కత్తిరించినట్టు. కనుక తెలుగు పట్టికకు తలకట్టు పెట్టేవాడు ముందుగా నేర్చుకోవలసినది రంగులు కాదు, వెడల్పు.

కుడివైపు కోత ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. తెలుగుకు అడుగువైపు కోత కూడా ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు ఒక గీత మీద నిలబడతాయి. 'జీ', 'వై' వంటి అయిదు చిన్నబడి అక్షరాలు కాస్త కాలు కిందికి చాచుతాయి. మన అక్షరాలకు కింద అంతస్తు ఉన్నది. ఒత్తులన్నీ అక్కడే కాపురం. 'స్త్రీ'కి కింద త ఒత్తు, దానితోపాటు ర ఒత్తు. తలకట్టు వరుస ఎత్తు చాలకపోతే ఆ కింది అంతస్తు మునిగిపోతుంది. 'స్త్రీలు' అన్న వరుస 'సీలు' అవుతుంది. 'మొత్తం' 'మొతం' అవుతుంది. 'ఉత్తీర్ణులు' 'ఉతీరులు' అవుతారు. ఇవి నవ్వు పుట్టించేవి. నవ్వు పుట్టించనివి కూడా ఉన్నాయి. పాలసంఘం లెక్కలో 'గడ్డి' అన్నది 'గడి' అయి ఊరుకుంటుంది. 'గుడ్డి' కాస్తా 'గుడి' అవుతుంది. తప్పుగా కనబడితే సందేహం వస్తుంది. తప్పు కూడా మంచి తెలుగుమాటలాగే కనబడితే సందేహమైనా రాదు.

ఈ అడుగుకోత ఎందుకు వస్తుందని నా పూర్వవిద్యార్థి ఒకడిని అడిగాను. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నాడు. మా శాఖ మార్కులు ఎక్కించుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రాము రాసిపెట్టాడు. పద్యాలు అప్పజెప్పించుకున్నవాడి దగ్గర పాఠం చెప్పించుకోవడం కూడా ఒక సంతోషమే.

"మాస్టారూ, తెరమీద మీకు పట్టిక ఒకటిగా కనబడుతుంది గాని, మాకు అది రెండు ముక్కలు" అన్నాడు. "కింద అంకెలుండే పట్టిక ఒకటి, నెత్తిన తలకట్టు ఒకటి. దేనికి చెప్పేది దానికి విడిగా చెప్పాలి."

అతను వాడినది జావాలోని స్వింగ్ అనే పనిముట్ల పెట్టె. 1998లో జావా 1.2తో పాటు వచ్చింది. అందులో పట్టిక పేరు జేటేబుల్, తలకట్టు పేరు జేటేబుల్‌హెడర్. పట్టిక అక్షరాలను పెద్దవి చేస్తే తలకట్టు అక్షరాలు పెద్దవి కావు. తలకట్టును పిలిచి దాని అక్షరాల సంగతి దానికి వేరే చెప్పాలి. మరో తమాషా ఏమంటే, ఆ పట్టికను జరుపుకునే చట్రంలో, అనగా స్క్రోల్‌పేన్‌లో పెట్టకుండా ఊరికే తెరమీద పెడితే, తలకట్టు అసలు కనబడనే కనబడదట. కొత్తగా నేర్చుకునేవారు తలకట్టు ఏమయిందని తల పట్టుకుంటారట. క్యూటీ అనే మరో పెట్టెలోనూ అంతే. రంగులు, గీతలు, ఖాళీలు పట్టికకు రాసినవి పట్టికకే. తలకట్టులోని గడులకు మళ్లీ వాటి పేరు పెట్టి రాయాలి.

"మరి ఒత్తులు తెగడం ఎందుకురా?" అన్నాను.

"ప్రోగ్రాము రాసేవాడు ఇంగ్లీషు ఫాంటు ఒకటి చెబుతాడండి. అందులో తెలుగు అక్షరాలు ఉండవు. అప్పుడు కంప్యూటరు తెలుగును మరో ఫాంటు నుంచి అరువు తెచ్చి చూపిస్తుంది. అక్షరాలు అరువువే గాని, వరుస ఎత్తు లెక్క మాత్రం చాలాసార్లు మొదట చెప్పిన ఇంగ్లీషు ఫాంటుదే. పొట్టివాడి కొలతలతో కుట్టిన చొక్కా పొడుగువాడికి తొడిగినట్టు. కాళ్లు బయటికి వస్తాయి."

మందు కూడా అతనే చెప్పాడు. మొదటే తెలుగు ఫాంటు పేరు చెప్పడం. విండోస్‌లో 2001 నాటి ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది. 2012 నాటి విండోస్ 8 తో నిర్మల వచ్చింది. అవి కాక మండలి, రామభద్ర వంటివి ఉచితంగా దొరుకుతున్నాయి. ఆ ఫాంటు కొలతతో వరుస ఎత్తు లెక్కగట్టి, పైన కింద మరికాస్త ఖాళీ వదలడం. తెలుగుకు గాలి ఆడాలి. స్వింగ్‌లో తలకట్టు గడి ఒక చీటీ వంటిది. మాట పట్టకపోతే చివర మూడు చుక్కలు పెడుతుంది. ఆ చుక్కలు చాలవు గనుక, ఎలుకబాణం దాని మీదికి పోయినప్పుడు పేరు మొత్తం చూపే ఏర్పాటు ఒకటి చేశాడు. పొడుగు పేర్లను రెండు వరుసలుగా విరగగొట్టాడు. వీటన్నిటికీ అతనికి పట్టినది ఒక పూట.

ప్రోగ్రాములు రాసేవారి సంగతి అలా ఉంచండి. ఎక్సెల్‌లోనో కాల్క్‌లోనో పట్టిక వేసుకునే మనవంటివారు చేసుకోగలిగినది చాలా ఉన్నది. నాకు అనుభవంలో కుదిరినవి చెబుతాను.

ఒకటి, మాటను మడవండి. 'ర్యాప్ టెక్స్ట్' అన్న మీట నొక్కితే పొడుగు పేరు గడిలోనే రెండు మూడు వరుసలుగా సర్దుకుంటుంది. ఎక్కడ విరగాలో మనమే చెప్పదలిస్తే ఎక్సెల్‌లో ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కాలి. కాల్క్‌లో కంట్రోల్, ఎంటర్. విరవడంలో కూడా తెలుగు తెలియాలి. 'హాజరు' పైన, 'కాని దినాలు' కింద అని కాక, 'హాజరు కాని' పైన, 'దినాలు' కింద రావాలి. కాదన్న మాట దేన్ని కాదంటున్నదో దాని పక్కనే ఉండాలి.

రెండు, వరుస ఎత్తును చేత్తో బిగించకండి. ఎవరైనా ఒకసారి ఎత్తు ఇంత అని చెప్పి బిగిస్తే, ఆపైన మాట ఎంత పెరిగినా వరుస పెరగదు. ఎడమనున్న వరుసల అంకెల మధ్య గీతమీద రెండుసార్లు నొక్కితే వరుస తనకు కావలసిన ఎత్తుకు తాను సర్దుకుంటుంది. గడులను కలిపేసి ఒక్కటిగా చేసినచోట మాత్రం ఎక్సెల్ ఈ సర్దుబాటు చేయదు. అందుచేత తలకట్టులో గడులను కలపడం నాకు ఇష్టం లేదు. కలిపిన గడులు తరువాత అక్షరక్రమంలో పేర్చేటప్పుడు కూడా అడ్డం తిరుగుతాయి.

మూడు, లావు అక్షరాల మోజు తగ్గించుకోండి. ఇంగ్లీషువారికి పెద్దబడి ఉన్నది. శీర్షికంటే పెద్దబడిలో రాస్తారు. మనకు పెద్దబడీ చిన్నబడీ లేవు. అందుకని లావు చేయడమొక్కటే దారి అనుకుంటాము. ఫాంటులో లావు అక్షరాలు విడిగా చెక్కి ఉంటే మంచిదే. లేకపోతే కంప్యూటరు ఉన్న గీతలనే ఉబ్బించి చూపిస్తుంది. 'ఠ' కడుపులోని చుక్క పూడుకుపోయి 'ర' అవుతుంది. 'థ'కూ 'ధ'కూ తేడా పోతుంది. పేరు తేడాగా కనబడాలంటే రెండు పాయింట్లు పెద్ద అక్షరం, కింద ఒక దట్టమైన గీత, వెనుక లేతరంగు, ఇవి చాలు. ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు తెరమీద బాగుంటాయి గాని, ఆ కాగితాన్ని రెండుసార్లు జెరాక్సు తీస్తే అక్షరాల సన్నగీతలు నల్లని నీటిలో మునిగిపోతాయి. మన కాగితాలు జెరాక్సు కాక మిగిలేవా?

నాలుగు, మాటను నిలువునా తిప్పకండి. సన్నని వరుసల మీద పేరును తొంభై డిగ్రీలు తిప్పి నిలబెట్టడం ఒక ఫ్యాషన్. ఒత్తులు పక్కకు, కొమ్ములు మరో పక్కకు వెళ్లి, చదివేవాడు మెడ వాల్చి చదవాలి. మెడ వాల్చి చదివేవాడు ఆదరాబాదరాగా చదువుతాడు. తప్పనిసరి అయితే నలభై అయిదు డిగ్రీలు వాల్చండి. అంతకన్నా మేలు, పేరునే చిన్నది చేయడం. 'హాజరు కాని దినాలు' అనేకన్నా 'గైరుహాజరు' అంటే కాదన్న ముక్క ముందుకు వస్తుంది. గడి కోసినా 'గైరు' మిగులుతుంది. పారసీ నుంచి వచ్చిన మాట మన తెలుగుకు ఇక్కడ ఎంత సాయం చేసిందో చూడండి.

అయిదు, తలకట్టును కదలనీయకండి. నూరు పేర్లున్న పట్టికలో కిందికి జరిగినకొద్దీ తలకట్టు పైకి పోయి కనబడకుండా పోతుంది. డెబ్భైయవ పేరు దగ్గర ఉన్న 38 ఏ పరీక్షదో గుర్తుపెట్టుకోవలసి వస్తుంది. దీనికి విరుగుడు నిన్న మొన్న కనిపెట్టినది కాదు. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు 1979లో విసికాల్క్ అనే లెక్కల పట్టికను ఆపిల్ 2 యంత్రం కోసం తయారుచేసినప్పుడే, పై వరుసలను కదలకుండా నిలబెట్టే ఆజ్ఞ ఒకటి అందులో పెట్టారు. ఎక్సెల్‌లో దానిని 'ఫ్రీజ్ పేన్స్' అంటారు. కాల్క్‌లో కూడా 'వ్యూ' అన్న జాబితాలోనే ఉంటుంది. ఎక్సెల్‌లో కంట్రోల్, టీ నొక్కి పట్టికను 'టేబుల్'గా చేస్తే ఇంకా సుఖం. కిందికి జరిగినప్పుడు నెత్తిన ఎ, బి, సి అని ఉండేచోట మన పేర్లే వచ్చి కూర్చుంటాయి.

ఆరు, ఇది అన్నిటికన్నా ముఖ్యం. తెరమీద నిలబెట్టిన తలకట్టు కాగితం మీద తనంతట తాను నిలబడదు. మొదటి పేజీలో మాత్రమే వస్తుంది. రెండవ పేజీ బోడితలతో అచ్చవుతుంది. ఎక్సెల్‌లో 'పేజ్ లేఅవుట్' కింద 'ప్రింట్ టైటిల్స్' అని ఉన్నది. అక్కడ పై వరుసను చూపిస్తే ప్రతి పేజీకీ తలకట్టు వస్తుంది. కాల్క్‌లో అచ్చు హద్దులు నిర్ణయించేచోట ఇదే సదుపాయం ఉన్నది. పిన్ను ఊడి పేజీలు విడిపోయినా, ఏ పేజీ సంగతి ఆ పేజీ తానే చెప్పుకోగలగాలి.

ఇవన్నీ చాదస్తమని కొందరంటారు. మన పెద్దలకూ ఈ చాదస్తం ఉన్నది. పాత సర్కారు నమూనాలు చూడండి. ప్రతి నిలువు వరుసకూ పేరు రాసి, దాని కింద 1, 2, 3 అని వరుస అంకె కూడా వేసేవారు. పేరు పొడుగై కాగితం మీద పట్టకపోయినా, 'ఏడవ కాలమ్' అంటే అందరికీ ఒకటే. అడంగలు రాసిన కరణంగారు గాని, పహాణీ రాసిన పట్వారీ గాని, భూమి ఎవరిదో, సాగు ఎవరిదో వరుసనుబట్టే చెప్పేవారు. ఒక గడి పక్కకు జరిగితే పొలం చేతులు మారినట్టు కనబడుతుంది. కనుకనే ఆ తలకట్లు అంత జాగ్రత్తగా గీశారు. పంచాంగాలలో పొడి అక్షరాలు చెల్లుతాయంటే, చదివేవారందరికీ అవి తరతరాలుగా తెలిసినవి గనుక చెల్లుతాయి. మన పట్టికలకు ఆ భాగ్యం లేదు. అవి మనకు తెలియనివారి బల్లమీదికి, మనం పక్కన లేనప్పుడు వెళతాయి.

అందువల్ల నేను పాటిస్తున్న పరీక్ష ఒకటి చెప్పి ముగిస్తాను. పట్టిక అచ్చు తీసిన తరువాత, దానితో ఏ సంబంధమూ లేని ఒకరి చేతికివ్వండి. అటెండరు కావచ్చు, ఇంట్లో పదవ తరగతి పిల్ల కావచ్చు. తలకట్టు మాత్రం పైకి చదవమనండి. తరువాత మధ్యలో ఒక అంకె మీద వేలు పెట్టి, ఇది ఏమిటి అని అడగండి. తడుముకోకుండా చెబితే పంపండి. తడుముకుంటే వరుసను ఒక అంగుళం వెడల్పు చేయండి. కాగితం ఇంకొకటి పట్టితే పట్టనీయండి. కాగితం ఖరీదు మనకు తెలుసు. గడి చాలక మిగిలిపోయిన మాట ఖరీదు, అది ఎవరి ఇంటికి పోయి అడిగితే వారికి తెలుస్తుంది.